ధనార్జనకు కళాశాలాపట్టము ఆవశ్యకమా?

మన కులచరిత్రమునుండి ఒక పరిశీలనము

గడచిన మహాసభాదినములలో ఒకనాటి మధ్యాహ్నమున, భోజనములు ముగిసిన పిదప, పందిరి నీడను పెద్దలు కొందఱు కూర్చుండి ముచ్చటించుచుండగా ఒక వివాదము పుట్టెను. సంఘపోషకులలో నొకరు, స్వయంకృషిచే పైకి వచ్చినవారు, నవ్వుచు నిట్లనిరి: “మేము ఏడవ తరగతి దాటలేదు. అయినను నేడు నలుగురు పట్టభద్రులు మా దుకాణమున లెక్కలు వ్రాయుచున్నారు. ధనము సంపాదించుటకు కళాశాల యెందులకు?” కూర్చున్నవారిలో అనేకులు తల లూపిరి. అప్పుడు వెనుకవరుసనుండి, సిరిసిల్ల కార్ఖానాలో పనిచేయు నేతగాడొకడు మెల్లగా, “సేఠుగారి మాట సేఠుగారికి చెల్లును. మా పిల్లలకు గూడ చెల్లునా?” అని యడిగెను. ఎవ్వరును బదులు చెప్పలేదు. ఇంతలో సభాప్రారంభమునకు గంట మ్రోగుటచే అందఱమును లేచిపోతిమి.

ఆ ప్రశ్నకు బదులు చెప్పకుండుట ఉపాధ్యాయవృత్తిలో జీవితమును గడపిన మావంటివారికి తగదని తోచినది. పోషకమహాశయుల మాట అసత్యము కాదు. ఆ నేతగాని సందేహము అసమంజసమును కాదు. రెండును సత్యములే యైనచో వానికి సమన్వయ మెట్లు? ఇట్టి సందర్భమున తర్కముకంటె చరిత్రమే మేలైన ప్రమాణము. కావున మన పద్మశాలి కులమువారు ఏ విద్యచేత ధనము నార్జించిరో, ఏ విద్య లేకపోవుటచేత దానిని పోగొట్టుకొనిరో, మాకు తెలిసినంతవఱకు ఈ సంచికాముఖమున విన్నవించుచున్నాము.

ముందుగా ఒక్క మాట. విద్య వేఱు, పట్టము వేఱు. చేతికి వచ్చిన పని శిల్పవిద్య. చదువను, వ్రాయను, లెక్క కట్టను వచ్చుట అక్షరవిద్య. విశ్వవిద్యాలయమువా రిచ్చు పత్రము పట్టము. ఈ మూటిని ఒక్కటిగా కలిపి మాటలాడుటవలననే మన వివాదములలో సగము పుట్టుచున్నవి.

ప్రాచీనకాలపు శిల్పవిద్య

మన పూర్వులకు కళాశాలలు లేవని కొందఱు చెప్పుదురు. అది పొరపాటు. వారికి గురుగృహమే కళాశాల. నారదస్మృతిలో శిల్పము నేర్వగోరు శిష్యునిగూర్చి స్పష్టమైన నియమములు గలవు. శిష్యుడు తన బంధువుల యనుమతి బడసి, ఇంతకాలమని నిశ్చయించుకొని, గురువునింట వసింపవలెను. గురువు వానికి అన్నము పెట్టి, తన యింటనే నేర్పి, పుత్రునివలె చూచుకొనవలెనే గాని వేఱు పనులు చేయింపరాదు. శిష్యుడు పని ముందుగానే నేర్చినను ఒప్పుకొన్న కాలము ముగియువఱకు అచటనే యుండవలెను. ఆ కాలమున వాడు చేసిన పనిఫలము గురువునకు చెందును. యాజ్ఞవల్క్యస్మృతియు ఇట్టి నియమమునే చెప్పుచున్నది. నేటి కళాశాలలోవలెనే ప్రవేశము, నియతకాలము, రుసుము, సమాప్తి అన్నియు ఇందు గలవు. రుసుము రూకలలో గాక శ్రమరూపమున చెల్లింపబడెడిది. పరీక్ష యొక్కటే వేఱు: నేసిన బట్ట అంగడిలో అమ్ముడుపోవుటయే యుత్తీర్ణత.

కౌటిల్యుని యర్థశాస్త్రమున సూత్రాధ్యక్షుని ప్రకరణమున నూలు సన్నదనమునుబట్టియు, పరిమాణమునుబట్టియు కూలి నిర్ణయింపవలెనని యున్నది. అనగా ఆనాడే నేతపని కొలతకును లెక్కకును లోబడినది. కొలిచినవాడొకడు, కొలిపించుకొన్నవాడు వేఱొకడు. ఈ భేదమును పాఠకమహాశయులు మనస్సున నుంచుకొనవలయును; మన చరిత్రమంతట ఇదియే మాటిమాటికి ఎదురగును.

మఱొక నిదర్శనము మందసోరు శాసనము. పట్టుబట్టలు నేయు శ్రేణివారు కొందఱు లాటదేశమును, అనగా నేటి గుజరాతు దక్షిణభాగమును, విడిచి దశపురమునకు వలసవచ్చిరి. క్రీ. శ. 437 ప్రాంతమున, కుమారగుప్తుని కాలమున, తాము నేతవలన గడించిన ధనముతో సూర్యదేవాలయమును గట్టించిరి. అది కొంత శిథిలము కాగా 473 ప్రాంతమున ఆ శ్రేణివారే మరల బాగుచేయించిరి. వత్సభట్టి రచించిన ఆ శాసనశ్లోకములు మాకు అత్యంతప్రియములు. అందు మాకు విశేషముగ తోచునది దేవాలయముకంటె మఱొకటి: ఆ నేతవారిలో కొందఱు తమ వృత్తియందే నిలిచి నేర్పరులైరనియు, మఱికొందఱు ధనుర్విద్యయందు, ధర్మకథలయందు, జ్యోతిషమునందు ప్రవీణులైరనియు అందు చెప్పబడినది. పదునైదువందల యేండ్ల క్రిందటనే ఒక నేతకులము వలసపోయి, ధనము గడించి, ఆ ధనము నీడను తన బిడ్డలకు వేఱువేఱు విద్యలు చెప్పించుకొన్నదన్నమాట. వృత్తి యొకరిని పోషింపగా, విద్య మఱొకరిని పైకి గొనిపోయినది. ఒకటి రెండవదానికి శత్రువు కాలేదు.

నైజామురాజ్యమున మన స్థితి

ఇక మన జిల్లాకు వత్తము. పూర్వము ఎలగందల పేర ప్రసిద్ధమై తరువాత కరీంనగరమైన ఈ ప్రాంతమున నేతవారు లేని గ్రామము అరుదు. అయితే వారి యిండ్లలో బడికి పోయినవారు అంతకంటె అరుదు. దానికి కారణము మనవారి మందబుద్ధి కాదు. 1918లో హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపింపబడినప్పుడు బోధనాభాష ఉర్దూ. ఒక దేశభాషలో ఉన్నతవిద్య నేర్పుట ఘనకార్యమే. కాని ఆ భాష ఈ జిల్లా నేతవాని యింటిభాష కాదు. తెలుగుబిడ్డకు కళాశాల చేఱుటకంటె ముందు మఱొక భాష గడుపవలసిన కందక ముండెను. 1951 జనగణనము నాటికిని హైదరాబాదు రాష్ట్రమున అక్షరాస్యులు నూటికి పదుగురికి లోపే.

ఈ దుస్థితిని తొలగింప పూనుకొన్న యాంధ్రమహాసభ తన నాలుగవ సమావేశమును 1935లో మన సిరిసిల్లయందే జరిపెను. అధ్యక్షులు మాడపాటి హనుమంతరావుగారు. మాతృభాషలో చదువు, గ్రంథాలయములు, బాలికలకు పాఠశాలలు, ఇవి వారి జీవితకార్యములు. నేతవారి యూరిలో ఆ సభ జరుగుట మనకు గర్వకారణము. కాని సభలు ముగిసినంతనే బడులు వెలయవు. కఱవు కాలమున కడుపు నిండవలెనన్న మనవారికి మిగిలిన దారి యొక్కటే: వలస.

సోలాపురము, బొంబాయి, భివండి

1877లో సోలాపురమున మొదటి నూలుమిల్లు పని మొదలిడెను. అప్పుడు దక్కను దేశమంతటను మహాక్షామము. తెలంగాణమునుండి మన నేతవారు మూటాముల్లెలతో ఆ పట్టణమునకు నడచిపోయిరి. కొందఱు మిల్లున కూలికి చేఱిరి. మఱికొందఱు అద్దె యిండ్లలో మగ్గములు నాటుకొనిరి. క్రమముగా ఆ మగ్గములు కార్ఖానాలైనవి. కార్ఖానాలలో చేమగ్గముల స్థానమున మరమగ్గములు వచ్చినవి. నేడు భారతదేశమంతటను పేరుగాంచిన సోలాపురపు చద్దరు, తువాలు ఈ తెలుగుచేతుల వృద్ధిలోనివే. ఆ కార్ఖానాల యజమానులలో మొదటితరమువారికి కళాశాల మాట యటుండనిండు, ప్రాథమికపాఠశాలయే అపురూపము. పోషకమహాశయుల వాదమునకు ఇంతకంటె గట్టి సాక్ష్యము లేదు.

కాని వారు ఏ బలముచేత పైకి వచ్చిరో కూడ చూడవలెను. మొదటిది, చిన్ననాటినుండి తండ్రి మగ్గముచెంత నేర్చిన పని. పడుగు సాపుట, గంజి పెట్టుట, అచ్చు పూయుట, కండెలు చుట్టుట, ఇవి పదేండ్ల బాలునికే వచ్చియుండెడివి. రెండవది, బంధుబలము. ముందుపోయిన మేనమామ వెనుక వచ్చిన మేనల్లునకు చోటిచ్చెను, నూలు ఇప్పించెను, పూట పడెను. మూడవది, కాలము. అప్పుడు బట్టకు గిరాకి పెరుగుచుండెను. తప్పు చేసినను దిద్దుకొను వ్యవధి యుండెను. ఈ మూడును కూడినవాడు కార్ఖానాదారుడయ్యెను. మూటిలో ఒకటి కొఱవడినవాడు జీవితాంతము కూలివాడుగనే యుండెను. ఒక యజమానుని చరిత్రము మనము చెప్పుకొందుము. ఆతని కార్ఖానాలో ముప్పదియేండ్లు మగ్గము త్రొక్కినవారి చరిత్రమును ఎవరును వ్రాయలేదు. వారును పట్టము లేనివారే.

ఆ మొదటితరము యజమానులు ధనము చేతికి వచ్చినంతనే చేసిన పని యేమి? విద్యాలయములు పెట్టిరి. పద్మశాలి శిక్షణసంస్థ సోలాపురమున వారు పెంచిన వృక్షము. మార్కండేయమహర్షి పేరిట శ్రావణపూర్ణిమనాడు రథోత్సవము జరుపుచున్నట్లే, ఆయన పేరిట సహకార వైద్యశాలను గూడ నెలకొల్పిరి. చదువు లేకయే ధనికులైనవారు, చదువు అనావశ్యకమని తలచినచో, ఆ ధనమును చదువునకై యేల వెచ్చింతురు? దశపురమునాటి శ్రేణివారి మార్గమే వీరిదియు.

బొంబాయి వలస కథ వేఱు. అచట మనవారు అధికముగా మిల్లుకార్మికులైరి. 1982 జనవరి 18వ తేదీన మొదలైన సమ్మెలో ఇంచుమించు రెండున్నర లక్షల కార్మికులు పాల్గొనిరి. అది యేడాది దాటినను పరిష్కారము కాలేదు. అనేక మిల్లులు మరల పూర్తిగా తెఱువబడలేదు. ఇరువదియేండ్లు ఒక్క యంత్రముచెంత నిలిచినవాడు ఆ యంత్రము ఆగినంతనే ఏమియు లేనివాడయ్యెను. కొందఱు భివండికి పోయిరి. 1984లో అచట మతకలహములు చెలరేగగా మరల మూట గట్టుకొనిరి. అట్లు తిరిగివచ్చినవారి నేర్పు మన సిరిసిల్ల మరమగ్గముల వృద్ధికి తోడ్పడినది.

సిరిసిల్ల పాఠము

మానేరు తీరమునందలి సిరిసిల్లలో నేడు మరమగ్గములు ఇరువదివేలకు మించి యున్నవి. అచటి వ్యవస్థ మనవారందఱకు తెలిసినదే యైనను, ఇతరప్రాంతముల సభ్యులకొఱకు చెప్పుచున్నాము. నూలు తెప్పించి బట్ట అమ్మువాడు సేఠు. మగ్గములు తనవే యైనను, సేఠు ఇచ్చిన నూలును ఆతనికొఱకు నేయించి మజూరి పుచ్చుకొనువాడు ఆసామి. ఆసామి మగ్గములను నడపి, పిక్కుల లెక్కన కూలి పుచ్చుకొనువాడు కార్మికుడు. ముగ్గురును మనవారే; చాలచోట్ల ముగ్గురును బంధువులే. ముగ్గురకును పని సమానముగ వచ్చును. మఱి ధనమున ఇంత భేద మేల?

పైసంగతిని పరిశీలింపగా మాకు తోచిన దిది. సేఠునకు నూలుధర తెలియును, బట్టధర తెలియును, అప్పువడ్డి తెలియును. ఆసామికి మజూరి యొక్కటే తెలియును. కార్మికునకు పిక్కులసంఖ్య యొక్కటే తెలియును. కౌటిల్యుని కాలమునందువలెనే కొలుచువాడొకడు, కొలిపించుకొనువాడు వేఱొకడు. నూలుధర పెరిగి బట్టధర తగ్గినప్పుడు ఆ దెబ్బ మొదట తగులునది లెక్క తెలియనివానికి. 1990ల తుదినుండి సిరిసిల్లలో పని లేక, అప్పు తీరక, నేతన్నలు ప్రాణములు తీసికొనిన వార్తలను మనము ఒకటి తరువాత ఒకటి చదివితిమి. వారిలో పని రానివా డొక్కడైనను లేడు. 2017 మొదలు కొన్ని సంవత్సరములు ప్రభుత్వము బతుకమ్మ చీరల నేత నిచ్చి మగ్గములను నడపినది. అది గొప్ప యూరట. కాని ఒక్క కొనుగోలుదారుని చేతిలో నున్న వృత్తి, ఆతడు చేయి తీసినంతనే ఆగిపోవును.

ఇచట మా యపరాధ మొకటి చెప్పుకొనక తప్పదు. 1990ల తొలినాళ్ళలో మేము బోధించుచున్న పాఠశాలలో, ఎనిమిదవ తరగతిలో ఒక నేతవారి బాలుడుండెను. నోటిలెక్కలలో వానికి సాటి లేరు. ఒకనాడు వాని తండ్రి మా యొద్దకు వచ్చి, “సదువు కూడు వెడ్తదా సారూ?” అని యడిగెను. ఆ యేడు మగ్గములకు రాత్రింబవళ్ళు పని. ఆ బాలుడు మగ్గము పట్టినచో క్రొత్తగా చేఱిన యుపాధ్యాయునితో సమానముగ తెచ్చుననిరి. మేమును ఆలోచించి, చేతిపని చెడ్డది కాదు గదా యని, వానిని బడి మాన్పించుటకు అడ్డు చెప్పలేదు. సంస్కృతము చదివిన మాకు శిల్పవిద్యపై నున్న గౌరవమే ఆనాడు మా కన్నులకు తెఱ యైనది.

వాడు పదేండ్లలో ఆసామి యయ్యెను. నాలుగు మగ్గములు కొనెను. మాకు పండుగకు ధోవతి తెచ్చి యిచ్చెను. తరువాత మఱి నాలుగు మగ్గములకై యొకచోట అప్పు చేసెను. అప్పుపత్రము ఆంగ్లమున నుండెను. వాడు చూపినచోట సంతకము పెట్టెను. రెండేండ్లకు నూలుధర పెరిగినది, బట్ట పేరుకొన్నది. అప్పుడు ఆ పత్రమును చంకలో బెట్టుకొని మా యొద్దకు వచ్చెను. మేము నిఘంటువు దగ్గఱ పెట్టుకొని చదివితిమి. వడ్డి మీది వడ్డియు, మగ్గములతోపాటు ఇల్లును తాకట్టుగ నున్నట్లును అందు స్పష్టముగ నున్నది. చదివించుకొనుటకు వాడు సరియైన చోటికే వచ్చెను. కాని సంతకము చేసిన పిదప వచ్చెను. మగ్గములు పోయినవి, ఇల్లు పోయినది. వాడు భివండికి కూలికి పోయెను. ఆ నోటిలెక్కల బాలునకు మఱి రెండేండ్ల చదువు చెప్పించియున్నచో ఆ పత్రమును తానే చదువుకొనియుండును గదా యను చింత మమ్ము నేటికిని విడువలేదు.

ధనికుల దృష్టాంతములు

పట్టము లేకయే కుబేరులైనవారి పేర్లు మన పెద్దలు తఱచు చెప్పుదురు. వానిలో మన వృత్తికి దగ్గఱి పేరు ధీరూభాయి అంబానీ. ఆయన కళాశాల చదువలేదు. యౌవనమున ఏడెనులో నొక వర్తకసంస్థలో పనిచేసి, 1958లో బొంబాయికి వచ్చి, నూలువర్తకమున చేయి పెట్టి, 1966లో నరోడాలో బట్టలమిల్లు స్థాపించెను. నేడు మన మగ్గములపై నెక్కు పాలిస్టరు నూలును విస్తారముగ తయారుచేయు సంస్థలలో ఆయన సంస్థ యొకటి. ఇది సత్యము. అయితే ఆయన ఏడెనులో గడపిన యేండ్లు ఊరక పోలేదు. లెక్కలు, సరకుల ధరలు, ఎగుమతి దిగుమతుల మర్మము ఆయన అచటనే నేర్చెను. నారదుడు చెప్పిన గురుగృహవాసమే యది. అంతకంటె ముఖ్యమైన దొకటి కలదు: ఆయన తన పెద్దకుమారునకు బొంబాయిలో రసాయనశాస్త్రసంబంధమైన యింజనీరింగు పట్టము చెప్పించి అమెరికాకు పంపెను, రెండవకుమారునిగూడ అమెరికాలో వ్యాపారనిర్వహణము చదివించెను. పట్టము లేక ధనికుడైనవాని యభిప్రాయము తెలియవలెనన్నచో ఆయన మాటలు విననక్కఱలేదు. ఆయన తన బిడ్డల నెచటికి పంపెనో చూచిన చాలును. మన పోషకులలో ఎందఱి కుమారులు నేడు హైదరాబాదునను అమెరికాలోను చదువుచున్నారో మేము వేఱుగ చెప్పవలసిన పని లేదు.

అమెరికాదేశపు బిల్ గేట్సు 1975లో హార్వర్డు విశ్వవిద్యాలయమును మధ్యలోనే విడిచెనని చెప్పుదురు. విడిచినమాట నిజమే. కాని విడుచుటకు ముందు చేఱవలెను గదా! ఆయన తండ్రి న్యాయవాది. కంప్యూటరు అనుమాటయే లోకమునకు క్రొత్తయైన 1968 ప్రాంతముననే ఆయన చదివిన పాఠశాలలో విద్యార్థులకు దానిపై పనిచేయు వసతి యుండెను. నిచ్చెన నెక్కి మేడపై చేఱినవాడు నిచ్చెనను త్రోసివేయవచ్చును. నేలపై నున్నవాడు దానిని చూచి నిచ్చెన పనికిరాదనుకొనరాదు.

మనవారిలో ఆదర్శప్రాయుడు చింతకింది మల్లేశము. ఆలేరు ప్రాంతమునందలి శారాజీపేట వాస్తవ్యుడు. ఆఱవ తరగతితో చదువు మానినవాడు. పోచంపల్లి నేతకు ఆసు పోయుటలో తల్లి ఒక్క చీరకు ఇంచుమించు తొమ్మిదివేల మాఱులు చేయి ఆడింపవలసివచ్చి, భుజముల నొప్పితో బాధపడుట చూచి, ఆ పనిని చేయు యంత్రమును నిర్మింప పూనెను. ఎందఱు పరిహసించినను మానక, ఏండ్లకొలది శ్రమించి, 1999లో సాధించెను. తల్లి పేర దానికి లక్ష్మీ ఆసుయంత్రమని పేరిడెను. 2017లో ప్రభుత్వమువారు పద్మశ్రీతో ఆయనను గౌరవించిరి. పట్టము లేనివాడు పట్టభద్రులు చేయనిది చేయగలడనుటకు ఇదియే చాలును. అయినను ఒక్క విషయము గమనింపుడు. ఆ యేండ్లన్నిటిలో ఆయన యనుభవించిన కష్టమునకు, చేసిన యప్పునకు, తిరిగి తిరిగి చేసిన తప్పులకు మూల మేమి? యంత్రశాస్త్రమున ఎవరైన నేర్పియుండవలసినదానిని ఆయన ఒంటరిగ కనుగొనవలసివచ్చుట. ఆయన ప్రతిభ చదువు లేకపోవుటవలన వచ్చినది కాదు. చదువు లేకపోయినను నిలిచినది. అంతటి పట్టుదల నూటికొక్కనికి నుండును. మిగిలిన తొంబదితొమ్మండ్రకొఱకే పాఠశాలలున్నవి.

పట్టమునందలి లోపములు

ఇంతమాత్రమున పట్టమే సర్వార్థసాధకమని మేము చెప్పుట లేదు. పట్టము పుచ్చుకొని, ఉద్యోగము రాక, మగ్గముచెంత కూర్చుండుటకు సిగ్గుపడి, రెంటికిని కాని యువకులు మన ప్రతిగ్రామమునను గలరు. ఇల్లు కుదువబెట్టి కట్టిన రుసుము తిరిగి రాని కుటుంబములను మేమెఱుగుదుము. పుస్తకము తెఱువకయే పట్టము వచ్చు కళాశాలలును లేకపోలేదు. అక్షరవిద్య లేని పట్టము, శిల్పము లేని మగ్గమువంటిది. అట్టిదానికై అప్పు చేయుటకంటె మంచి పనివానిచెంత మూడేండ్లు శిష్యరికము చేయుట మేలు. ఈ విషయమున పోషకమహాశయుల మాటకు మేము తల యొగ్గుచున్నాము.

కాని పట్టము లేనిదే తెఱువబడని ద్వారములు కొన్ని కలవు. న్యాయవాదవృత్తి, వైద్యము, బ్యాంకు అధికారిపదవి, గ్రూపు పరీక్షలు, వీనికన్నిటికి పట్టమే తాళపుచెవి. వెనుకబడిన తరగతులకు కేంద్రోద్యోగములలో నూటికి 27 స్థానములు చెల్లునని 1992 నవంబరున సర్వోన్నతన్యాయస్థానము తీర్పు చెప్పినది. ఆ హక్కు మనదియే. అయితే ఆ హక్కును వినియోగించుకొనుటకు దరఖాస్తుపై వ్రాయవలసిన మొదటిమాట, ఏమి చదివితివి అనునదే.

పట్టము స్వామికి ధన మిచ్చినను ఇయ్యకున్నను, కులమునకు రక్ష యిచ్చును. ఆదిలాబాదు జిల్లా వాంకిడిలో 1915లో జన్మించిన కొండా లక్ష్మణ్ బాపూజీగారిని తలచుకొనుడు. ఆయన న్యాయశాస్త్రము చదివి, ఆ చదువుతో ధనరాసులు కూర్చుకొనలేదు. పేదలపక్షమున న్యాయస్థానములలో వాదించిరి; నేతవారి సహకారసంఘములను నిర్మించిరి; 1952లో ఆసిఫాబాదునుండి శాసనసభకు వెళ్ళిరి; 1969లో తెలంగాణముకొఱకు మంత్రిపదవిని విడిచిరి. 2012లో పరమపదించువఱకు విశ్రమింపలేదు. సహకారసంఘపు నియమావళిని చదివి వ్రాయగల యొక్కడు లేనిచో వేయిమంది నేర్పరులైన నేతగాండ్రకు నూలు ఎవరిప్పింతురు? ఒక్కని పట్టమున వేయిమగ్గములు నడచినవి. ఈ లెక్క ధనార్జనలెక్కలలో చేఱదు గాని చేఱవలసినది.

మన కర్తవ్యము

ఇక ఆ నేతగాని ప్రశ్నకు మా సమాధానము. ధనము సంపాదించుటకు పట్టము ఆవశ్యకము కాదు. మన చరిత్రమే సాక్ష్యము. కాని మూలధనమును బంధుబలమును ఉన్నవానికే ఆ మాట నిశ్చింతగ చెల్లును. ఈ రెండును లేని కూలివాని బిడ్డకు చదువే మూలధనము. మగ్గమును అప్పులవాడు గొనిపోవును, ఇంటిని వేలము వేయును. నేర్చిన యక్షరమును ఎవరును జప్తు చేయజాలరు. కావున సేఠుగారి మాట సేఠుగారి బిడ్డలకంటె ఆ నేతగాని బిడ్డలకు తక్కువ చెల్లును. సేఠుగారి బిడ్డ చదువకున్నను అంగడి యున్నది. నేతగాని బిడ్డ చదువకున్నచో పిక్కుల లెక్కయే యున్నది.

పోషకమహాశయుల సన్నిధిని కొన్ని మనవులు చేయుచున్నాము. పదవ తరగతి ముగియనిదే మన బాలబాలికల నెవ్వరిని కార్ఖానాలో పనికి పెట్టుకొనమని యజమానులు ఈ సభయందే మాట యియ్యవలెను. ప్రతిపట్టణ సంఘమునను చదువుకొన్న యువకు డొకడు వారమున కొకదినము కూర్చుండి, అప్పుపత్రమైనను, విదేశములకు పోవువారి యొప్పందమైనను, సంతకమునకు ముందే చదివి తెలుగున చెప్పు నేర్పాటు కావలెను. గల్ఫు దేశములకు పోవు మన జిల్లావారికి ఇది యెంతేని యవసరము. కార్మికుల బిడ్డల రుసుములకు, వసతికి నిధి యొకటి వేఱుగ నుండవలెను. అందు బాలికల భాగము తగ్గరాదు. పట్టము పొందిన మన యువకులను పోషకులు ఆఱునెలలు తమ దుకాణములలో నుంచుకొని, నూలుధర బట్టధరల మర్మమును నేర్పవలెను. నారదుడు చెప్పిన గురుధర్మము నేటి కార్ఖానాదారునకును వర్తించును.

2024లో మన రాష్ట్రమున చేనేత సాంకేతికవిద్యాసంస్థ యొకటి ప్రారంభమై, దానికి కొండా లక్ష్మణ్ బాపూజీగారి పేరు పెట్టబడినది. చేతిపనియు, పట్టమును ఒక్కచోట కూడిన ఇట్టి విద్యయే మనకు తగినది. పడుగు ఎంత గట్టిదైనను పేక లేక బట్ట కాదని మనకు మఱియొకరు చెప్పవలసిన పని లేదు.

మేము పైన చెప్పిన నోటిలెక్కల బాలుడు నేడు నడివయస్సు దాటినవాడు. మొన్నటి వేసవిలో భివండినుండి వచ్చి, తన కూతురును కరీంనగరమున బి. కాం. లో చేర్పించి, ఆ రుసుము రశీదును మాకు చూపెను. “ఈసారి కట్టక ముందే చదివించుకొన్నాను సారూ” అనెను. ఆ బాలిక చదువు ముగియువఱకు మనలో నొకరైనను తోడు నిలుతురని యాశించుచు, సభకు నమస్కరించి విరమించుచున్నాము.